2005 టాటా 1613: పొద్దున ప్రైమర్ కొట్టనిదే స్టార్ట్ కావడం లేదు, ఘాట్‌లో బ్రేకు కాలిన వాసన

నాపరాయి లోడు (బేతంచెర్ల):

అందరికీ నమస్కారం. నాన్నగారు 2005లో కొన్న టాటా 1613 మాకు ఉంది. 697 ఇంజిన్, ఆరు టైర్ల లారీ. ఆయన పోయి ఏడాదయింది. అప్పటిదాకా నేను రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి, ఇప్పుడు బండి నేనే నడుపుతున్నాను. హెవీ లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలే. నేషనల్ పర్మిట్ వయసు ఎప్పుడో దాటింది కాబట్టి రాష్ట్రం లోపలే తిరుగుతున్నాను. ఇక్కడ నాపరాళ్లు ఎత్తుకుని నంద్యాల, గిద్దలూరు మీదుగా ఒంగోలు, చీరాల వైపు వెళ్తాను. తిరుగు కిరాయి దొరికితే దొరికినట్టు, లేకపోతే ఖాళీగా రావడమే.

రెండు బాధలు ఉన్నాయి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీద, చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది, దాన్ని ముప్ఫై నలభై సార్లు కొడితే అందుకుని, తడబడుతూ ఒక నిమిషం తెల్ల పొగ వదులుతుంది. ఆ తర్వాత రోజంతా బాగుంటుంది. మధ్యాహ్నం భోజనానికి ఆపి మళ్లీ తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఒక మెకానిక్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మొత్తం విప్పాలి, ముప్ఫై వేలు అవుతుందన్నాడు. ఇంకొకరు సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకు వచ్చిందన్నారు.

రెండోది నల్లమల ఘాట్. ఎక్కడం బాగానే ఎక్కుతుంది. దిగువమెట్ట వైపు దిగేటప్పుడు కింది మలుపులకు వచ్చేసరికి కాలిన వాసన వస్తోంది. పోయిన వారం పెడల్ పూర్తిగా తొక్కినా వేగం తగ్గడానికి చాలా సేపు పట్టింది. గేజీలో గాలి మామూలుగానే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో అందరూ తుక్కుకు అమ్మేయమంటున్నారు. నాకు అమ్మాలని లేదు. తెలిసిన పెద్దలు దారి చెప్పండి.

పాత డ్రైవరు (మార్కాపురం):

నాయనా, ముందు రెండో సంగతి చూద్దాం. పొద్దున స్టార్ట్ కాని బండి ఇంటి ముందే ఉంటుంది, దానికి తొందర లేదు. ఘాట్‌లో ఆగని బండి అలా కాదు. ఇది తేలేదాకా లోడుతో నల్లమల ఎక్కవద్దు.

నేను 31 ఏళ్లు లారీ నడిపాను. మా ఊరి పలకలు, మీ ఊరి రాయి, నంద్యాల బియ్యం, అన్నీ ఆ ఘాట్ మీద మోసినవాణ్ణే. నువ్వు ఏ గేరులో దిగుతున్నావో రాయలేదు. పై గేరులో దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచుతున్నావని నా అనుమానం. కొత్తలో నేనూ అలాగే చేశాను.

బ్రేకు వేడెక్కితే లోపల ఏం జరుగుతుందో చెబుతాను, విను. చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేది లైనరు. ఆ రాపిడికి డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, అంటే లైనరుకు దూరంగా జరుగుతుంది. ఆ దూరాన్ని కూడా, గాలి ఒత్తిడికి కదిలే బ్రేకు చాంబరు రాడ్డే తోసి పూడ్చాలి. అది తోయగలిగేది కొద్ది దూరమే. చివరిదాకా వచ్చేసిందంటే నువ్వు పెడల్ మీద నిలబడినా డ్రమ్ముకు బలం అందదు. పైగా బాగా కాలిన లైనరుకు పట్టు కూడా ఉండదు. అందుకే గేజీలో గాలి నిండుగా ఉన్నా బండి జారిపోతుంది. నీకు పోయిన వారం జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది.

1998 ఎండాకాలంలో నాకూ జరిగింది. 1612 బండి, పది టన్నుల రాయి. అప్పటి మా ఓనరు దిగుడులో న్యూట్రల్ వేసి డీజిల్ మిగిల్చమనేవాడు, మిగిలిన లీటర్లకు బత్తా పైన కొంత ఇచ్చేవాడు. నేను ఆశపడ్డాను. దిగువమెట్ట ఇంకా మూడు మలుపులు ఉందనగా ఎడమ అద్దంలో వెనక చక్రం దగ్గర పొగ కనిపించింది. బ్రేకు తొక్కితే బండి మెత్తగా జారుతోంది. గేరు వేద్దామంటే పళ్లు గీసుకున్న చప్పుడే తప్ప పడలేదు. ఆ వేగంలో పడదు కూడా. కొండ వైపు మట్టి కాలువలోకి చక్రాలు దించి, గట్టుకు బాడీ రాసుకుంటూ ఆపాను. క్లీనరు దూకి చక్రం కింద రాయి పెట్టాడు. వాడు నీళ్ల క్యాను తెచ్చి డ్రమ్ము మీద పోయబోతే కేక వేసి ఆపాను. ఎర్రగా కాలిన డ్రమ్ము మీద నీళ్లు పడితే పగులుతుంది. కాసేపు ఆగి ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి చూశాను. ఎడమ వెనక డ్రమ్ముకు జానెడు దూరంలో కూడా చేయి నిలవలేదు. మిగిలిన మూడూ గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగు చక్రాల పని ఒక్క చక్రమే చేసిందన్నమాట! ఆ ఒక్కటి కాలిపోయాక ఇక ఆపడానికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి రేపు నువ్వు చేయవలసింది ఇది. చదునైన చోట బండి ఆపి, మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టు. ట్యాంకులో గాలి నిండుగా ఉంచి హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక్కో చక్రాన్ని జాకీ మీద లేపు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు, యాక్సిల్ కింద చెక్క దిమ్మ కూడా ఉండాలి. చాంబరు రాడ్డు తోసే చేయినే స్లాక్ అడ్జస్టర్ అంటారు. లైనరు డ్రమ్ముకు తగిలేదాకా దాని బోల్టు తిప్పి, చక్రం చేతితో స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదులు. నాలుగూ అయ్యాక ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి, రాడ్డు ఎంత బయటికి వస్తోందో నువ్వు కింద స్కేలుతో కొలువు. ఎడమకూ కుడికీ తేడా ఉండకూడదు. బ్రేకు పట్టినప్పుడు రాడ్డు, అడ్జస్టర్ చేయి దాదాపు మూలమట్టంగా నిలవాలి. ఎంత సర్దినా ఒక చక్రం దారికి రాకపోతే డ్రమ్ము ఊడదీయక తప్పదు. లైనరు అరిగి ఉండవచ్చు, లైనర్లను డ్రమ్ము మీదికి తోసే క్యామ్ తాలూకు బుష్షు పోయి ఉండవచ్చు, హబ్ సీలు కారి లైనరు గ్రీజు తాగి ఉండవచ్చు. గ్రీజు తాగిన లైనరును పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. నువ్వు ఆ పని చేయవద్దు, మార్చెయ్యి.

గాలి ట్యాంకుల కింది రింగు రోజూ లాగి నీళ్లు వదులు. నీళ్లతో పాటు నూనె ఎక్కువగా వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయని అర్థం.

ఇక దిగే పద్ధతి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బరువు ఎక్కువైతే ఇంకొకటి తగ్గించు. ఆ గేరు పైన చదునులో ఉండగానే పడాలి, వాలులోకి వచ్చాక వెతుక్కోకూడదు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనీ. సూది ఎర్ర గీతలోకి పోకుండా చూసుకుంటే చాలు. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కి, ఆ గేరుకు తగిన వేగానికి తెచ్చి, కాలు పూర్తిగా తీసెయ్యి. ఆనించి ఉంచవద్దు. పొగ గొట్టాన్ని మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే దాని రెక్క మసి పట్టి బిగుసుకుందేమో చూడు. చాలా పాత బండ్లలో ఉండీ పని చేయదు.

న్యూట్రల్‌లో డీజిల్ మిగులుతుందన్నది అబద్ధం. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పంపులోని గవర్నరు డీజిల్ మూసేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఈ చిన్న సంగతి నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇంకొక మాట. ఘాట్‌లో ఆగినప్పుడు చక్రం కింద పెట్టిన రాయిని వెళ్లేటప్పుడు తీసి పక్కన పారెయ్యి. రాత్రి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడికి అది కనిపించదు.

పంపు మెకానిక్ (విజయవాడ ఆటోనగర్):

పెద్దాయన చెప్పిన పని పూర్తయ్యాకే నా మాట చూడండి.

ప్రైమర్ కొడితే అందుకుంటోంది, మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే లేస్తోంది అంటున్నారు కాబట్టి మైకో పంపును, అంటే నాజిళ్లకు డీజిల్ కొట్టే ప్రధాన పంపును, అప్పుడే అనుమానించకండి. బోరుకు వచ్చిన ఇంజిన్ ప్రైమర్ కొట్టినంత మాత్రాన బాగుపడదు. రాత్రి లైనులోకి గాలి చేరి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారుతోంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే లైను. అక్కడ సన్న పగులు ఉంటే బండి నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద మరక కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఫీడ్ పంపుకు ముందు మూర పొడవు పారదర్శకమైన డీజిల్ గొట్టం వేసి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తే దొంగ ట్యాంకు వైపు ఉన్నాడు. ఇంకా గట్టిగా తెలియాలంటే, శుభ్రమైన డీజిల్ పోసిన క్యానును క్యాబిన్ పక్కన కట్టి, దాని నుంచి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం ఇచ్చి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ప్రైమర్ లేకుండా లేస్తే పాత గొట్టాలు, ట్యాంకులోని పైపు, జాయింట్లు చూడాలి. అప్పటికీ లేవకపోతే ఫీడ్ పంపు వాల్వులు, ప్రైమర్, ఫిల్టర్ గిన్నె వాషర్లు చూడాలి. ఏదైనా వందల్లో తేలే పనే. విప్పిన చోటల్లా కొత్త రాగి వాషర్లు వేయండి. దారిలో దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ఊరు చేరేదాకా పనికొస్తుంది.

గాలి పోయాక కూడా పొద్దున తెల్ల పొగ ఆగకపోతే ఒక నాజిల్ కారుతూ ఉండవచ్చు. ఐడిలింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి చూడండి. ఏ సిలిండర్ దగ్గర వదులు చేసినా ఇంజిన్ శబ్దం మారాలి. మారకపోతే ఆ సిలిండర్ పని చేయడం లేదు. చేయి మాత్రం దూరంగా ఉంచండి. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది, అలా దిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బోరు అనుమానం తీరాలంటే వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున కొడుతుంటే రింగుల దాకా వచ్చినట్టు. సన్నగా ఆవిరిలా ఉంటే ఇంకా చాలా రోజులు నడుస్తుంది. చివరగా, పంపు సీలు తీసి డీజిల్ పెంచితే లాగుడు పెరుగుతుందని ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి. నల్ల పొగ, కరిగిన పిస్టన్లు, మా దగ్గరికి అవే వస్తాయి.

లెక్కల పుస్తకం (అనంతపురం):

తమ్ముడూ, మాకు రెండు పాత బండ్లు ఉన్నాయి. నడిపేది మా వారు, లెక్క నాది. ట్యాంకు నింపిన ప్రతిసారీ కిలోమీటర్లు, లీటర్లు, పోసిన ఇంజిన్ ఆయిల్ రాస్తాను. ఒకసారి 4.3 వచ్చే మైలేజీ నెల రోజుల్లో 3.7కు పడిపోయింది. అందరూ పంపు అన్నారు. నేను పుస్తకం చూపించి, ఏ తేదీ నుంచి తగ్గిందో చెప్పాను. ఆ తేదీకి ముందు రోజే బ్రేకు పని చేయించాం. వెనక కుడి చక్రం బిగుసుకుని డ్రమ్మును రాసుకుంటూ తిరుగుతోంది. నువ్వు లెక్కలు రాసినవాడివే కదా, ఒక నోటుబుక్కు క్యాబిన్‌లో పెట్టుకో. మీ నాన్నగారు రాసినవి ఏమైనా ఉంటే ముందు అవి వెతుకు.

నాపరాయి లోడు (బేతంచెర్ల), తొమ్మిది రోజుల తర్వాత:

పెద్దాయనా, మీరు చెప్పినట్టే జరిగింది. స్కేలుతో కొలిస్తే వెనక కుడి రాడ్డు ఎడమ దానికంటే రెట్టింపు వస్తోంది. ముందు ఎడమ చక్రం క్యామ్ అసలు తిరగడం లేదు, గ్రీజు ఎండి రాయిలా అయింది. నాలుగు డ్రమ్ములూ ఊడదీయించి, వెనక లైనర్లు మార్పించాను.

మెకానిక్ గారూ, బుడగలు వచ్చాయి. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన సన్న కట్టుతీగ బిగించి ఉంది. నాన్న చేతి కట్టే, ఆయన తీగను ఎప్పుడూ మూడు చుట్లు తిప్పి కొనను లోపలికి మడుస్తారు. విప్పి చూస్తే ట్యూబు పెళుసు బారింది, కింద వెంట్రుక మందాన పగులు ఉంది. కొత్త గొట్టం, రాగి వాషర్లు, క్లిప్పులు అన్నీ కలిపి 640 రూపాయలయ్యాయి. మూడు రోజులుగా ప్రైమర్ ముట్టుకోలేదు. తెల్ల పొగ మాత్రం అర నిమిషం ఉంటోంది, నాజిల్ సంగతి వచ్చే వారం చూస్తాను.

అక్కా, డాష్‌బోర్డు పెట్టెలో నాన్న పుస్తకం దొరికింది. 2019 నుంచి డీజిల్, ఆయిల్, టైర్లు అన్నీ ఉన్నాయి. ముందు ఎడమ చక్రం గ్రీజు అని చివరి పేజీలో రాసుకుని, టిక్కు పెట్టలేదు.

నిన్న తొమ్మిది టన్నులతో రెండో గేరులో ఘాట్ దిగాను. గిద్దలూరులో ఆపి చేయి పెట్టి చూస్తే నాలుగు డ్రమ్ములూ ఒకే వేడి. ఒక్క ఇబ్బంది, వెనక లారీలవాళ్లు ఒకటే హారన్ కొట్టారు. ఆ కంగారులో రెండుసార్లు గేరు మార్చబోయాను.

పాత డ్రైవరు (మార్కాపురం):

మార్చలేదు కదా, మంచిది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఎడమకు తీసి ఆపి, వాళ్లను పోనిచ్చి మళ్లీ అదే గేరులో బయలుదేరు. కొత్త లైనరు డ్రమ్ముకు సరిగ్గా కూర్చోవడానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి రెండు ట్రిప్పుల తర్వాత స్లాకులు మళ్లీ కొలువు. ఆ ముందు ఎడమ క్యామ్‌కు ఈ నెలంతా వారానికొకసారి గ్రీజు కొట్టు, ఒకసారి బిగుసుకున్నది మళ్లీ బిగుసుకునే అవకాశం ఉంది. మార్కాపురం వైపు వచ్చినప్పుడు చెప్పు. బండి కిందికి దూరే ఓపిక నాకు ఇంకా ఉంది, ఒకసారి నేనూ చూస్తాను.