అప్‌డేట్: కార్బన్ ఫైబర్ హీటర్ ట్యూబులు ఒకే చివర పోవడానికి కారణం దొరికింది

మా స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌లో ఇంకు ఆరబెట్టే కన్వేయర్ ఓవెన్‌లో క్వార్ట్జ్ కార్బన్ ఫైబర్ ట్యూబులు కొన్ని వారాలకే, ఎప్పుడూ ఒకే చివర పాడైపోతున్నాయి, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ ధన్యవాదాలు. ‘సీలు (ట్యూబు చివర కరెంటు లోపలికి వెళ్లే చోట క్వార్ట్జ్‌ను మూసేసిన భాగం) దగ్గర వేడి ఎంతుందో కొలవండి’ అన్న సలహాయే దారి చూపింది.

సర్వీసు ఇంజనీరు అక్కడ థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) పెడితే 420 డిగ్రీలు దాటింది. సీలు లోపల కరెంటును చేరవేసే పలుచని మాలిబ్డినం లోహపు రేకు ఉంటుంది. దాన్ని సుమారు 350 లోపే ఉంచాలి. అంతకు మించితే రేకు ఆక్సీకరణం చెంది ఉబ్బుతుంది, క్వార్ట్జ్ చిట్లుతుంది, గాలి లోపలికి చేరుతుంది. ఎర్రగా కాగిన కార్బన్‌కు గాలి తగిలితే ఇక అంతే. పోయిన ట్యూబును వెలుతురులో తిప్పి చూస్తే సీలు పక్కన వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ పాలిపోయిన పొడి స్పష్టంగా కనిపించాయి.

ఓవెన్ తయారైనప్పుడే ట్యూబులు పోతున్న వైపు గోడ రంధ్రాల్లో సిరామిక్ ఉన్ని బిగించి కుక్కారు, దాంతో సీలు చల్లబడే వీలు లేకపోయింది. దాన్ని తీసి, ట్యూబుల చివరలను గోడ బయటికి జరిపి, చిన్న ఫ్యాను పెట్టాం. ఇప్పుడు 240 దాటడం లేదు, ఒక్క ట్యూబూ పోలేదు.

ముందు అనుమానించిన ఓల్టేజి హెచ్చుతగ్గులకు, రిలేకు (కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) దీనితో సంబంధం లేదని తేలింది. సాఫ్ట్ స్టార్టర్ (కరెంటును మెల్లగా పెంచే పరికరం) కూడా అనవసరం. ఆన్ చేయగానే కరెంటు ఎగబాకడం టంగ్‌స్టన్ తీగ ఉండే హీటర్ల సమస్య, కార్బన్‌ది కాదు. ట్యూబు గాజును వట్టి చేత్తో ముట్టవద్దన్న మాట మాత్రం ఎవరైనా పాటించాల్సిందే.