రోజుకు 14 పేజీల రిపోర్టు, అయినా కందిపప్పు నిండుకుంటోంది

బరంపురం గుమాస్తా:
హోల్‌సేల్ కిరాణా, ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు, ఇచ్ఛాపురం దాకా సరుకు వేసే లైన్లు. ఎం.ఐ.ఎస్. (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టం) అని పేరు పెట్టి రోజూ 14 పేజీల ప్రింటు షావుకారు బల్ల మీద పెడుతున్నాం. ఆయన మొదటి పేజీ తిప్పి పక్కన పడేస్తారు. కందిపప్పు నెలకు రెండుసార్లు నిండుకుంటోంది, సబ్బుల పెట్టెలేమో గోడౌన్‌లో పేరుకుపోతున్నాయి. ఏది తెప్పించాలో, ఎవరికి అరువు ఆపాలో చూడగానే తేలాలంటే ఏం చేయాలి?

జయపురం లెక్కలు:
మేనేజర్లని ఇబ్బంది పెట్టేది సమాచారం కొరత కన్నా పనికిరాని సమాచారమేనని మేనేజ్‌మెంట్ పండితుడు రసెల్ ఆకాఫ్ 1967లోనే రాశాడు. ఆ 14 పేజీలూ ఆపేయండి. ఇవాళ తెప్పించాల్సిన సరుకులు మాత్రమే వచ్చే జాబితా ఒకటి చాలు.

ప్రతి సరుకుకీ ఒక ఆర్డరు మట్టం ఉండాలి, అంటే నిల్వ ఎంతకి దిగితే ఆర్డరు పెట్టాలో ఆ అంకె. కందిపప్పు సగటున రోజుకు 12 బస్తాలు పోతుంది, లోడు 5 రోజులకు దిగుతుంది అనుకుందాం: 60. ఎక్కువలో ఎక్కువ రోజుకు 18 పోయి, లోడు 7 రోజులు పట్టిందంటే 126. మట్టం 126 పెట్టండి, పైనున్న 66 ఆపత్కాలానికి. చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపి అక్కడికి దిగితేనే జాబితాలో కనపడాలి. దారిలో లోడు కలపకపోతే ఒకే సరుకుకి రెండు ఆర్డర్లు పోతాయి. మీ సబ్బుల సంగతి అదేనేమో చూడండి.

సగటు తీసేటప్పుడు సరుకు లేని రోజులు లెక్కలోంచి తీసేయాలి. 30 రోజుల్లో 6 రోజులు ఖాళీ, అమ్మింది 288 బస్తాలు. 30తో భాగిస్తే 9.6, 24తో భాగిస్తే 12. మొదటిది నమ్మారా, మట్టం తగ్గుతుంది, మళ్లీ నిండుకుంటుంది, సగటు ఇంకా పడుతుంది.

అన్నట్టు, మీ ఊళ్లో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి. ఆ నెలకి నిరుటి అమ్మకం చూస్తే మునుగుతారు, అంతకుముందు ఏటిది తీయండి.

పర్లాకిమిడి ఆడిటు:
సూత్రం సరే, ముందు ఐటెం మాస్టరు, అంటే ట్యాలీలో సరుకుల పేర్ల పట్టిక, శుభ్రం చేయండి. మన సరిహద్దు కొట్లలో ఒకే పప్పు 'కందిపప్పు', 'హరడ డాలి', 'తూర్ దాల్' అని మూడు పేర్లతో ఉంటుంది. కొన్నది ఒక పేరున, అమ్మింది ఇంకో పేరున పడితే ఒకటి మైనస్‌లోకి పోతుంది, రెండోది గోడౌన్‌లో లేని నిల్వ చూపిస్తుంది. ఒక పేరు ఉంచి, మిగతావి దానికే ఎలియాస్‌గా (మారుపేర్లుగా) పెట్టండి. 25 కిలోలదీ 50 కిలోలదీ రెండూ 'బస్తా'యే అంటే కుదరదు, యూనిట్ కిలో పెట్టండి.

పార్టీలకీ అంతే. జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. పేరుతో కాక ఆ నంబరుతో వెతికితే డబుల్ ఖాతాలు బయటపడతాయి. నంబరు లేని చిన్న కొట్లకి ఫోన్ నంబరే గుర్తు.

అరువుకి బిల్లు తేదీని బట్టి 30, 60, 90 రోజుల గళ్లు తీయండి. వసూలు ఎంట్రీని ఏ బిల్లుకూ కలపకుండా 'ఆన్ అకౌంట్'లో వదిలేస్తే తీరిన బిల్లు కూడా బాకీగానే కనపడుతుంది. అప్పుడు సక్రమంగా కట్టేవాడికే సరుకు ఆపేస్తారు. 'అగైనెస్ట్ రెఫరెన్స్' ఎంచుకుని, ఏ బిల్లుకు కట్టాడో చూపించాలి.

బరంపురం గుమాస్తా:
మాస్టారూ, 126కి దిగగానే కంప్యూటరే ఆర్డరు పెట్టేస్తే?

జయపురం లెక్కలు:
ఉప్పుకీ అగ్గిపెట్టెలకీ పెట్టించండి. పప్పుకి వద్దు బాబూ. రేపు ధర పడుతుందా, లారీ దొరుకుతుందా అన్నది ట్యాలీకి తెలీదు, షావుకారుకి తెలుసు. జాబితా ఆయన మిల్లులకి ఫోన్లు చేసే వేళకి అరగంట ముందు అందాలి, రాత్రి 9కి ఇస్తే ఎందుకూ కొరగాదు. ఆయన జాబితాని కాదన్న చోటల్లా కారణం పక్కన రాయించండి. ఒకే కారణం నాలుగైదుసార్లు వస్తే ఆ సరుకు మట్టం మార్చాలి.