కంట్రోల్ బియ్యం తీసుకునే మనిషి లావుగా ఉంటే తప్పా? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి

మోతీనగర్ (హైదరాబాద్) పాఠకురాలు (ప్రశ్న):

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతోంది. కంట్రోల్ దుకాణం ముందు రెండు బియ్యం సంచులతో నిలబడ్డ ఒకామె. మా బ్లాకులో నాలుగైదు ఇళ్లల్లో పని చేస్తుంది కాబట్టి అందరికీ తెలిసిన మనిషే. కింద కామెంట్లు చూడండి: "ఇంత దొడ్డుగుండి ఫ్రీ బియ్యమా", "తిండికి లేనోళ్ల వాటా ఇట్లాంటోళ్లే తింటున్నరు", "మన టాక్సుతో పెరిగిన ఒళ్లు".

అలా అనడం తప్పని నాకు తెలుసు, నీతులు వద్దు. నాకు కావలసింది జవాబుకు సరుకు. రేషన్ నిబంధనల్లో ఒంటి బరువుకు ఎక్కడైనా చోటుందా? ఒక్కరే రెండు సంచులు ఎలా తెస్తారు? డబ్బుల్లేని ఇంట్లో మనిషి లావెక్కడం ఎలా సాధ్యం?

చౌకధర లెక్కలు:

మొదటి రెండు ప్రశ్నలు నాకు వదిలేయండి.

బరువుకు చోటు లేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో గానీ, తెలంగాణ కార్డు నిబంధనల్లో గానీ ఆకలి కొలిచే త్రాసు ఏదీ లేదు. చూసేది ఆదాయం, ఆస్తి. పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో 1.5 లక్షలు ఆదాయ పరిమితి. భూమి ఉంటే తరి (మాగాణి) 3.5 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) 7.5 ఎకరాల లోపు ఉండాలి. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి జీతాన్ని పన్నెండుతో గుణించి చూడండి, 2 లక్షలు దాటుతుందేమో. పైగా ఈ చట్టం పేదల్లోకెల్లా పేదలకే అని రాసింది కాదు. దేశం మొత్తం మీద పల్లె జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం దాకా దీని కిందికి తేవాలన్నది చట్టంలో ఉన్న మాటే. అంటే బొమికలు తేలినవాళ్లకే బియ్యం అన్న ఊహ అందులో లేనే లేదు.

రెండు సంచుల సంగతి. మామూలు ఆహార భద్రతా కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు. ఇందులో 5 కేంద్రం వాటా, 1 రాష్ట్రం కలిపేది. ఇంట్లో నలుగురుంటే 24, ఆరుగురుంటే 36. నిరుపేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డయితే తలలతో పని లేదు, కార్డుకు 35 కిలోలు. కార్డులో పేరున్న ఒక్కరు వేలిముద్ర వేస్తే ఇంటి కోటా మొత్తం ఒకేసారి తూస్తారు. కాబట్టి ఆ ఫొటోలో ఉన్నది ఒక మనిషి తిండి కాదు, ఒక ఇంటి నెల గాసం.

ఎప్పుడూ ఆడవాళ్లే ఎందుకు కనబడతారంటే, అదే చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్లు దాటిన పెద్ద మహిళే కార్డుకు యజమాని. బియ్యం ఇంటిల్లిపాదీ తింటారు, మాట మాత్రం వరసలో నిలబడ్డ ఆమె పడుతుంది.

"ఈమె మన బస్తీ కాదు కదా, ఇక్కడెందుకు తీసుకుంటోంది" అని కూడా ఎవరో ఒకరు అంటారు. పోర్టబిలిటీ వచ్చాక ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. పని దగ్గర దుకాణంలో తీసుకుని ఆటోలో వేసుకుపోవడం మామూలే.

ఇంకొకటి. వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషన్ దగ్గర ఒక మనిషి చాలాసేపు నిలబడితే వెనకవాళ్లు దొంగ కార్డేమో అనుకుంటారు. అంట్ల పొడి, సబ్బు నీళ్లు, సిమెంటు, వీటితో వేలిగీతలు అరిగిపోతాయి. చెయ్యి తడిగా ఉన్నా మిషన్ పట్టదు. పొడిబట్టతో తుడుచుకుని వేరే వేలు పెట్టడం, అదీ కుదరకపోతే ఐరిస్ (కంటిపాప గుర్తింపు) అడగడం, ఇంతే అక్కడ జరిగేది.

తార్నాక పోషణ:

మూడో ప్రశ్న నాది. కాస్త పొడుగవుతుంది.

ముందు 6 కిలోలను ముప్పై రోజులకు పంచండి. రోజుకు 200 గ్రాములు. నూరు గ్రాముల పచ్చి బియ్యంలో దాదాపు 350 కేలరీలు, 8 గ్రాముల లోపు ప్రొటీన్. అంటే రోజుకు 700 కేలరీలు, 15 గ్రాముల ప్రొటీన్. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల రోజువారీ పళ్లెంలో ధాన్యాలకు 250 గ్రాములు కేటాయించారు. రేషన్ అంతకన్నా తక్కువే. ఆ సంచిలోని బియ్యంతోనే ఒళ్లు వచ్చిందన్న మాట ఇక్కడే ఆగిపోవాలి.

ఇప్పుడు అదే పళ్లెంలో మిగతావి చూడండి. మనిషికి రోజుకు పప్పులు 85 గ్రాములు (మాంసాహారులు ఇందులోనే గుడ్డు, చేప, మాంసం సర్దుకోవచ్చు), కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు గుణిస్తే 10 కిలోల పప్పు, 48 కిలోల కూరగాయలు, 36 లీటర్ల పాలు. ఈ పట్టీ పట్టుకుని ఎర్రగడ్డ రైతుబజారుకో, మెహదీపట్నం రైతుబజారుకో వెళ్లి ధరలు వేసుకుని రండి, నెలకు ఎంతవుతుందో. ఫ్రీగా దొరికేది ఒక్క బియ్యమే. ఆ ఇల్లు పప్పు పలచన చేస్తుంది, కూర తగ్గిస్తుంది, కడుపు నిండటానికి అన్నమే పెంచుతుంది, రుచికి తొక్కు, నూనె. రేషన్ 200 గ్రాములకు బయట కొన్న మరో 200 కలిస్తే అన్నంతోనే 1400 కేలరీలు. ప్రొటీన్ తక్కువైన పళ్లెం తొందరగా ఆకలి వేయిస్తుంది, సాయంత్రం బజ్జీ దగ్గరికి తీసుకెళ్తుంది.

మీ గ్రూపువాళ్లు చూడని లెక్క ఇంకోటి ఉంది, చాయ్. ఐదు ఇళ్లు, ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు. చెంచాకు 5 గ్రాములు అనుకుంటే 50 గ్రాముల చక్కెర, 200 కేలరీలు. రోజుకు 25 గ్రాములు దాటొద్దన్నది సూచన. పొద్దున ఏమీ తినకుండా పనికి వచ్చి పదకొండింటిదాకా ఈ చాయ్ మీదే నడిచే ఒళ్లది. ఆ పైన ఫ్లాట్లలో మిగిలిన పులిహోర, బిర్యానీ, పండగ స్వీట్లు. ఇవన్నీ ప్రేమగానే ఇస్తారు, కాదనను. ఎవరూ మిగిలిన గుడ్లు ఇవ్వరు, మిగిలిన పాలకూర ఇవ్వరు, అంతే.

"అంత పని చేస్తుంది కదా, కరగదా?" అంటారు. మధ్యస్థ శ్రమ చేసే మహిళకు రోజుకు దాదాపు 2130 కేలరీలు చాలు, కూర్చుని ఉండే పనికి 1660. తేడా 470. అన్నం రెండు వడ్డనలు, రెండు మిర్చి బజ్జీలు కలిస్తే ఆ తేడా తీరిపోతుంది. పని కష్టం కనబడినంతగా కేలరీలు ఖర్చు కావు.

లావు అంటే బలం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో దాదాపు 30 శాతం అధిక బరువు, దాదాపు 58 శాతం రక్తహీనత. రెండూ కలిపితే 88 అవుతుంది కాబట్టి వేర్వేరు మనుషులని అనుకోకండి. ఒకే ఒంట్లో రెండూ ఉన్నవాళ్లు బోలెడు. పొట్ట దగ్గర కొవ్వు, కనురెప్ప లోపల పాలిపోయిన తెలుపు. మామూలు బియ్యం, నూనె, చక్కెరతో కేలరీలు వస్తాయి, ఇనుము అంతగా రాదు.

మందులు వేరే కథ. ఉబ్బసానికీ కీళ్లవాతానికీ నెలల తరబడి వాడే ప్రెడ్నిసొలోన్, మూర్ఛకు సోడియం వాల్‌ప్రొయేట్, మానసిక వ్యాధికి ఒలాంజపిన్, షుగరుకు ఇన్సులిన్, ఇవన్నీ బరువు పెంచేవే. థైరాయిడ్ మీదకి మాత్రం అంతా తోసేయకండి. అది తగ్గినప్పుడు సాధారణంగా కొద్ది కిలోలే పెరుగుతారు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే. ఇక ముఖం, కాళ్లు ఉబ్బి ఉంటే అది కొవ్వు కాకపోవచ్చు. మోకాలి కింద కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కితే గుంట నిలిచిందా, గుండెకో కిడ్నీకో చూపించుకోవాల్సిన నీరు. ఫొటోలో ఇదేదీ తెలియదు.

పన్ను కట్టేవాడు:

అంతా బాగుంది. కానీ కారు ఉండి కార్డు తీసుకునేవాళ్లు లేరా? కంట్రోల్ బియ్యం తీసుకుని బయట అమ్ముకునేవాళ్లు లేరా? వాళ్లను అడగొద్దంటే ఎట్లా? జేబులోంచి పోయేది మాదే కదా.

చౌకధర లెక్కలు:

అడగండి. అడిగే చోటు వాట్సాప్ కాదు. పౌరసరఫరాల శాఖ హెల్ప్‌లైన్ 1967కు ఫోన్ చేయండి, లేదా జంటనగరాల్లో చీఫ్ రేషనింగ్ ఆఫీసర్ కింద పనిచేసే మీ సర్కిల్ ఆఫీసులో కాగితం ఇవ్వండి. అందులో ఉండాల్సినవి షాపు నంబరు, ఆ ఇంటి చిరునామా, అనర్హతకు కారణం. కారణమంటే సర్కారీ ఉద్యోగం, ఆదాయపు పన్ను, కారు లాంటివి. "బాగా తింటున్నట్టు కనబడుతోంది" అని రాస్తే విచారణకు వచ్చే ఇన్‌స్పెక్టర్ చూడటానికి ఏమీ ఉండదు. బియ్యం అమ్మకమైతే ఎక్కడ, ఎవరు, ఏ బండి, ఏ రోజు అన్నది కావాలి. 1955 నిత్యావసర వస్తువుల చట్టం కింద సరుకు జప్తు చేస్తారు, కేసు పెడతారు. కొనే దళారిని పట్టుకునే వివరాలు ఇవ్వండి, సంచికి వంద దొరికే ఆమెను కాదు. దొడ్డు బియ్యం ఉన్నన్నాళ్లూ తినలేక అమ్ముకున్న ఇళ్లుండేవి. 2025 ఏప్రిల్ నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు కాబట్టి వండుకుని తినే బియ్యమే ఇప్పుడు చేతికొస్తోంది.

జేబు మాట వచ్చింది కాబట్టి మీ ఫ్లాటు నీళ్ల బిల్లు ఒకసారి తీసి చూడండి. 2021 జనవరి నుంచి అప్పటి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. మీటరు, ఆధార్ లింకు ఉంటే అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు ఫ్లాటుకూ వర్తిస్తుంది. పాత పద్ధతిలో ఇంటి రుణం వడ్డీ మీద 2 లక్షల దాకా పన్ను మినహాయింపు కూడా సర్కారు వదులుకున్న సొమ్మే. వీటికి ఎవరూ వరసలో నిలబడరు కాబట్టి ఎవరూ ఫొటో తీయరు. ఆమె కొనే నూనె ప్యాకెట్టు మీద 5 శాతం జీఎస్టీ ఆమే కడుతుంది, అదీ లెక్కలోకి రావాలి మరి.

తార్నాక పోషణ:

గ్రూపులో ఏం రాయాలో మోతీనగర్ గారు అడిగారు కదా. పెద్ద వ్యాసం పెట్టకండి, ఎవరూ చదవరు. "ఆ ఫొటో తీసేయండి. కార్డు మీద అనుమానముంటే 1967 ఉంది. ఆమె ఒళ్లు మన గ్రూపు విషయం కాదు" అని మూడు వాక్యాలు. ఫొటో పెట్టినవారికి విడిగా ముందే చెబితే ఇంకా మంచిది, నలుగురిలో అంటే పంతానికి పోతారు.

ఆమె దగ్గర బరువు మాట ఎత్తకండి. "నీ మేలు కోసమే" అని మొదలుపెట్టినా తిట్టులాగే తగులుతుంది. చేయగలిగినవి చేయండి: చాయ్‌లో చక్కెర ఎంత వేయాలో ఆమెనే అడగండి, మిగిలిన స్వీట్లకు బదులు పొద్దున పనికి వచ్చినప్పుడే ఒక ఉడికిన గుడ్డు, వారంలో ఒకరోజు గంట ముందు వదిలితే బస్తీ దవాఖానాకు వెళ్లి బీపీ, షుగరు, రక్తం పరీక్షలు ఉచితంగా చేయించుకోగలదు. జీతం కోయకుండా వదలాలి, లేకపోతే వెళ్లదు.

మోతీనగర్ పాఠకురాలు:

చాలా థాంక్స్ అండీ. ఫొటో తీసేశారు. ఇంకో సందేహం, ఇదే విషయానికి తగులుకుని ఉంది. ఆ ఇంట్లో తినేది ఐదుగురు, బియ్యం నలుగురికే వస్తోందట. కోడలి పేరు ఎక్కడం లేదట, మీసేవలో రెండుసార్లు తిరస్కరించారట. ఎందుకు?

చౌకధర లెక్కలు:

చాలాసార్లు కారణం ఒక్కటే, పుట్టింటి కార్డులో ఆ అమ్మాయి పేరు ఇంకా ఉంది. ఒకే ఆధార్ రెండు కార్డుల్లో పడదు, సిస్టమ్ తోసేస్తుంది. ముందు పుట్టింటివాళ్లు తమ కార్డు నుంచి పేరు తీయించడానికి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. అది ఆమోదమైందని చూసుకున్నాకే అత్తింటి కార్డులో చేర్చే దరఖాస్తు. రెండూ ఒకేరోజు పెడితే రెండోది మళ్లీ పోతుంది. ఇంటిపేరు, చిరునామా మారి ఉంటే ముందు ఆధార్‌లో అవి సరిచేయించుకోవాలి. రసీదు నంబరు పారేయకండి. ఎక్కాక కోడలు కూడా ఈకేవైసీకి (ఆధార్‌తో మనిషిని సరిచూసే పని) ఒకసారి షాపుకు వెళ్లి వేలిముద్ర వేయాలి, ఆ పని అత్తగారు చేసి రాలేరు.