ఆరు పాత సాస్ డిస్కులా, వాడిన పెద్ద సాటా డిస్కులు రెండా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ఇంటి సర్వర్ నిండిపోయింది. ఆరో తరం ఐ5 ఉన్న ఆఫీసు టవర్ అది. 16 జీబీ ర్యామ్, 240 వాట్ల పవర్ సప్లై, బోర్డు మీద నాలుగు సాటా పోర్టులు (మామూలు కంప్యూటర్ డిస్కులు తగిలించేవి). రెండు 2 టీబీ డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్ని కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) మిర్రర్‌లో ఉన్నాయి, అంటే రెండింట్లోనూ ఒకే డేటా. 1.7 టీబీ దాకా నిండింది, ఏడాదికి సుమారు 1 టీబీ పెరుగుతోంది. ఎక్కువ భాగం ఫోటోలు, వీడియోలే.

బడ్జెట్ 16 వేలు, దాటడానికి లేదు. చేతిలో రెండు బేరాలున్నాయి. డేటా సెంటర్ నుంచి తీసేసిన 4 టీబీ సాస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కులు ఆరు, వాటిని తగిలించే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు, కేబుళ్లు కలిపి 15 వేలు. లేదా వాడిన 8 టీబీ హీలియం (లోపల గాలి బదులు హీలియం నింపిన) సాటా డిస్కులు రెండు 16 వేలు. ఏదైనా హైదరాబాద్ నుంచే రావాలి. ఏది తీసుకోమంటారు?

ఉద్దానం (పలాస)

సాస్ బేరమే గురువుగారూ. ఏటంటే, వాడిన డిస్కు ఎప్పుడు పోతాదో ఎవరూ చెప్పలేరు. పోయినా తట్టుకునేలా పేర్చుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. ఆరింటితో రెయిడ్-జెడ్2 కడితే లెక్కకి 16 టీబీ వస్తాది, ఏ రెండు పోయినా డేటా నిలబడతాది. మీకు 8 సరిపోతాదనుకుంటే రెండు డిస్కులు పక్కన పెట్టి నాలుగింటితో కట్టండి. మిర్రర్‌లో ఒకటి పోయిన దగ్గర్నుంచి, ఇంకోటి కొని తెచ్చి రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) పూర్తయ్యేదాకా ఒకే ఒక్క పాత డిస్కు మీద నడవాలి. ఆ బదులు డిస్కు కూడా సాస్‌లో రెండు వేలు, సాటాలో ఎనిమిది వేలు. హైదరాబాద్ నుంచి రావడానికి పట్టే రోజులు వేరే.

కోట వెనక వీధి (విజయనగరం)

కొనే ధర ఒక్కటే చూస్తే ఉద్దానం గారి మాట నిజమే. కరెంటు కూడా కలిపి చూడండి.

24 గంటలూ నడిచే ఒక్క వాట్ ఏడాదికి 8.76 యూనిట్లు. 7200 ఆర్‌పీఎం సాస్ డిస్కు ఊరికే తిరుగుతున్నా సుమారు 8 వాట్లు తింటుంది. ఆరుకి 48, కార్డుకి ఇంకో 10, మొత్తం 58. హీలియం డిస్కులు రెండూ కలిపి 12 వాట్లు వేసుకోండి. తేడా 46 వాట్లు, ఏడాదికి 403 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 2,800 పైమాటే. ఇంటి కనెక్షన్‌కి అదనంగా పడే యూనిట్లు పై స్లాబులోనే పడతాయి కాబట్టి అసలు లెక్క ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. మూడేళ్లు నడిపితే ఇంకో 8 టీబీ డిస్కు ఖరీదు బిల్లులో పోయినట్టు.

అంతకంటే నన్ను భయపెట్టేది ఆ 240 వాట్ల సప్లై. 3.5 అంగుళాల డిస్కు లేచేటప్పుడు (తిరగడం మొదలుపెట్టేటప్పుడు) 12 వోల్టుల లైను మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరూ ఒకేసారి లేస్తే 12 ఆంపియర్లు, అంటే 144 వాట్లు. ప్రాసెసర్, బోర్డు కూడా అదే క్షణంలో అదే సప్లై మీద ఉంటాయి. ఈ తరహా టవర్లలో బోర్డుకి వెళ్లే పవర్ కనెక్టర్ చాలావరకు మామూలు ఏటీఎక్స్ కాదు, అందుకని పెద్ద సప్లై కొనుక్కొచ్చి తగిలించేద్దామన్నా కుదరదు. ఇక స్ప్లిట్టర్ల (ఒక ప్లగ్గు కరెంటుని చాలా డిస్కులకి పంచే తీగల) సంగతి. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకి మూడు పిన్నులే, పిన్నుకి 1.5 చొప్పున మొత్తం 4.5 ఆంపియర్లు. దాని నుంచి నాలుగు డిస్కులకి స్ప్లిట్టర్ లాగితే లేచేటప్పుడు 8 ఆంపియర్లు పోతాయి. ప్లగ్గు కరిగేది అక్కడే.

ఉద్దానం

అన్నీ ఒకేసారి లేవక్కర్లేదు మాస్టారూ. ఎల్‌ఎస్‌ఐ కార్డు బూట్ మెనూలో ఒకసారికి ఎన్ని డిస్కులు లేవాలో, మధ్యలో ఎన్ని సెకన్ల ఖాళీ ఉండాలో పెట్టుకోవచ్చు. మోలెక్స్ (పాత తరహా నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి తీసుకుంటే పిన్ను కూడా ఎక్కువ కరెంటుకి తట్టుకుంటాది. కానీ కొనేటప్పుడు చూడాలి, తీగల్ని ప్లాస్టిక్‌లో పోతపోసిన మోలెక్స్-సాటా కేబుళ్లు వద్దు. లోపల తీగలు దగ్గరైపోయి షార్ట్ అయి కాలిపోయేవి అవే. ఒక్కో తీగ విడిగా కనబడేలా క్రింప్ చేసినవి తీసుకోవాలి.

సప్లై మాత్రం మార్చాల్సిందే, ఒప్పుకుంటాను. డిస్కుల వరకు పాత ఏటీఎక్స్ సప్లై ఒకటి వేరే పెట్టి, రెండూ కలిసి ఆన్ అయ్యేలా రిలే బోర్డు వేస్తే సరిపోతాది.

బొబ్బిలి వీణ

సాస్ వైపు మొగ్గేముందు, పెట్టె విప్పాక ఏమేం తగులుతాయో చెప్పనివ్వండి.

కార్డు ఐటీ మోడ్‌లో (డిస్కుల్ని నేరుగా చూపించేది) ఉందా, ఐఆర్‌లో (కార్డే రెయిడ్ చేసేది) ఉందా అని అమ్మేవాళ్లని ముందే అడగాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఐటీ మోడ్ కావాలి. ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రాం) పీ20 అంటే చాలదు, 20.00.07.00 అని చివరిదాకా చదవండి. అదే పీ20లో మొదట వచ్చిన 20.00.00.00 ఇబ్బంది పెట్టేది. 9211 బదులు అదే తరహా డెల్ హెచ్310 కార్డు పంపితే దాన్ని ఫ్లాష్ చేసుకోవాలి (ఫర్మ్‌వేర్ మార్చాలి), కొన్ని బోర్డుల్లో కార్డు బీ5, బీ6 పిన్నులకి టేపు వేస్తేగానీ మెషీన్ బూటే కాదు. ఫ్లాష్ చేసేవాళ్లలో చాలామంది బూట్ రోమ్ (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు నడిచే కార్డు ప్రోగ్రాం) ఎక్కించరు. అది లేకపోతే ఉద్దానం గారు చెప్పిన మెనూ కూడా రాదు. ఈ కార్డులు సర్వర్‌లో వీచే గాలిని లెక్కలో పెట్టి చేసినవి. మన టవర్‌లో హీట్‌సింక్ మీద 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగించకపోతే వేడికి డిస్కులు ఒక్కొక్కటిగా సర్వర్‌కి కనబడకుండా జారిపోతాయి. అప్పుడు తప్పు డిస్కుదేమో అనిపిస్తుంది, కాదు.

డిస్కులు 520 బైట్ల సెక్టార్‌తో (డిస్కు ఒక్కసారికి రాసే ముక్క) ఫార్మాట్ అయి ఉండొచ్చు, స్టోరేజ్ బాక్సుల నుంచి తీసినవి చాలావరకు అంతే. లైనక్సు లాగ్‌లో "అన్‌సపోర్టెడ్ సెక్టార్ సైజ్ 520" అని వస్తుంది. ఎస్‌జీ-ఫార్మాట్ అనే టూల్‌తో సైజు 512 ఇచ్చి మళ్లీ ఫార్మాట్ చేయాలి. ప్రొటెక్షన్ టైప్ 2 (డేటాతో చెక్ బైట్లు కలిపి రాసే పద్ధతి) కూడా ఉంటే ఎఫ్‌ఎమ్‌టీపీఇన్ఫో సున్నా అని కలపాలి. 4 టీబీకి గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కేబుల్ కూడా ఒక చివర కార్డుకి ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087, రెండో చివర డిస్కులకి నాలుగు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8482 ఉన్నదే కావాలి. సాస్ డిస్కు సాటా కేబుల్‌కి ఎక్కదు.

ఇవన్నీ చేయగలిగితే సాస్ మంచిదే. కానీ రెండు డిస్కుల పని కోసం ఇంత చేయాలా అని మాత్రం అడుగుతాను.

ఉద్దానం

చేయాలనే నా మాట. మిర్రర్ రీసిల్వర్ అయినప్పుడు మిగిలిన ఆ ఒక్క డిస్కులో ఉన్న డేటానంతా చదవాలి. చదవలేని సెక్టార్ ఒక్కటి తగిలితే?

కోట వెనక వీధి

తగిలితే జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ సెక్టార్ పడ్డ ఫైలు పేరు చూపించి ముందుకెళ్తుంది, పూల్ (డిస్కులు కలిపి కట్టిన నిల్వ) మొత్తం పోదు. ఎంటర్‌ప్రైజ్ డిస్కుకి కంపెనీ చెప్పే లెక్క 10 పవర్ 15 బిట్లకి ఒకటి, అంటే 125 టీబీ చదివితే ఒక తప్పు. 8 టీబీ చదివేటప్పుడు దాన్ని చూసి బెదరక్కర్లేదు. ఇంకో సంగతి, ఒకే డేటా సెంటర్‌లో ఒకే రోజు బిగించి ఒకే రోజు ఊడదీసిన ఆరు డిస్కులు దగ్గర దగ్గరగానే అలిసిపోతాయి. ఎన్ని ఎక్కువైతే మార్చే పని అంత ఎక్కువ.

నాగావళి ఒడ్డు

నేను సాటా వైపే మొగ్గుతున్నాను. అమ్మేవాళ్లు "22 వేల గంటలే నడిచాయి" అంటున్నారు, నమ్మడమెలా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ వేరే కావాలా?

కోట వెనక వీధి

గంటల మీటరు వెనక్కి తిప్పొచ్చు. 2025 జనవరిలో బయటపడ్డ సీగేట్ ఎక్సోస్ వ్యవహారం అదే, వాడిన డిస్కుల స్మార్ట్ లెక్కల్ని (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి) సున్నా చేసి కొత్తవిగా అమ్మేశారు. సీగేట్ అయితే ఫార్మ్ లాగ్ అని ఇంకో లెక్క లోపల ఉంటుంది. స్మార్ట్ లెక్కలు చదివే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రోగ్రాం 7.4 నుంచి దాన్ని చదవొచ్చు, రెండు లెక్కల్లోని గంటలూ కలవాలి. హీలియం డిస్కులు హెచ్‌జీఎస్‌టీ కంపెనీవి అయితే ఫార్మ్ ఉండదు. లేబుల్ మీద తయారీ తేదీ, స్టార్ట్-స్టాప్ లెక్క, పాత సెల్ఫ్‌టెస్టులు ఏ గంట దగ్గర నడిచాయన్నది పక్కపక్కన పెట్టి చూడండి. వీటిలో 22వ లెక్క హీలియం. విలువ 100 ఉండాలి, 99 కనిపించినా వెనక్కి పంపేయండి.

డబ్బు పంపేముందు స్మార్ట్ రిపోర్టు మొత్తం అడగండి, సీరియల్ నంబరు కనబడేలా. 5, 197, 198 నంబర్ల లెక్కలు (చెడిన, అనుమానమున్న సెక్టార్లవి) మూడూ సున్నా ఉండాలి. 199 లెక్క కేబుల్ తప్పు, దానికి డిస్కుని తిప్పి పంపక్కర్లేదు. సీగేట్‌లో రా రీడ్ ఎర్రర్ కోట్లలో కనిపిస్తుంది, అది మామూలే.

డిస్కు చేతికొచ్చాక ఒక పూట గదిలోనే ఉంచండి, చలి ఏసీ బండిలోంచి దిగినా బయటి తేమ దాని మీద పడుతుంది. తర్వాత షార్ట్ టెస్టు, లాంగ్ టెస్టు, ఆపైన బ్యాడ్‌బ్లాక్స్ అనే టూల్ రైట్ మోడ్‌లో. నాలుగు నమూనాలు రాసి చదువుతుంది, అంటే డిస్కు మీదుగా ఎనిమిది సార్లు. 8 టీబీకి ఐదారు రోజులు పట్టొచ్చు, రెండూ పక్కపక్కనే నడపండి. వేడి 45 డిగ్రీలు దాటకుండా ఎదురుగా ఫ్యాన్ పెట్టండి. చివర్లో మళ్లీ లాంగ్ టెస్టు. 5, 197, 198 లెక్కల్లో ఏదైనా ఒక్కటి కదిలినా డిస్కు తిరిగి పంపేయాలి. అందుకే బేరంలో కనీసం పదిహేను రోజుల రిటర్న్ రాయించుకోండి.

బొబ్బిలి వీణ

తగిలించగానే డిస్కు చప్పుడే చేయకపోతే కంగారుపడొద్దు. ఈ రకం డిస్కుల్లో కొన్ని మూడో పవర్ పిన్ను మీద 3.3 వోల్టులు వస్తే ఆగిపోయేలా చేసినవి. డేటా కనెక్టర్ వైపు నుంచి మొదటి మూడు పవర్ పిన్నుల మీద కాప్టన్ టేపు (వేడి తట్టుకునేది) సన్నగా కత్తిరించి అంటించండి. మామూలు ఇన్సులేషన్ టేపు వేడికి జిగురు కారుస్తుంది. టేపు కనెక్టర్ అంచు దాటకూడదు, దాటితే ప్లగ్గు తొడిగేటప్పుడు ముడతపడి నాలుగో పిన్ను మీదకి జరుగుతుంది.

పోర్టులు నాలుగు కాబట్టి పాతవి తీయకుండానే పెట్టొచ్చు. డీవీడీ డ్రైవ్ స్థలంలో 5.25 నుంచి 3.5 బ్రాకెట్ వేయండి. ముందు పూల్ యాష్‌షిఫ్ట్ (సెక్టార్ సైజు సెట్టింగు) చూడండి. 12 ఉంటే కొత్త డిస్కులు రెండూ అదే మిర్రర్‌కి అటాచ్ చేసి, రీసిల్వర్ అయ్యాక పాతవి డిటాచ్ చేయండి. ఆటోఎక్స్‌పాండ్ ఆన్‌లో ఉంటే సైజు పెరుగుతుంది. 9 ఉంటే కొత్త పూల్ కట్టి, డేటాని జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ ఆదేశంతో అందులోకి పంపడమే దారి. డిస్కు పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఇవ్వొద్దు, ఐడీతో ఇవ్వండి.

బారువ తీరం

ఇన్వర్టర్ సంగతి నేను చెప్తాను. దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారేటప్పుడు పట్టే ఖాళీకి సర్వర్ రీస్టార్ట్ అయిపోతుంది. రెండోది, బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు బ్యాటరీ చివరిదాకా నడిచి డిస్కులు ఒక్కసారిగా పడిపోతాయి. యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్‌కి డబ్బు లేకపోతే ఇలా చేయొచ్చు: ఇన్వర్టర్ లైను మీద లేని ప్లగ్గులో పాత రౌటర్ ఒకటి ఉంచి, సర్వర్‌తో నెట్‌వర్క్ కేబుల్ కలపండి. సర్వర్ నిమిషానికోసారి దాన్ని పింగ్ చేయాలి (పలకరించి చూడాలి), జవాబు లేకపోతే కరెంటు పోయినట్టు. ఇరవై నిమిషాలు వరసగా జవాబు రాకపోతే మెషీన్‌ని పద్ధతిగా ఆపేసే స్క్రిప్టు పది లైన్లు కూడా ఉండదు.

తీసేసిన 2 టీబీ డిస్కులు అమ్మకండి. అమ్మితే ఏమొస్తుంది? ఇప్పుడున్న 1.7 టీబీ ఒకదాని మీదకి కాపీ చేసి వేరే ఊళ్లో చుట్టాలింట్లో పెట్టండి, మూడు నెలలకోసారి రెండోదానితో మార్చండి. మిర్రర్ ఉన్నా తప్పున డిలీట్ చేసిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ పోతుంది.

నాగావళి ఒడ్డు

సాటా జతకే చెప్పేశాను. పదిహేను రోజుల రిటర్న్ ఒప్పుకున్నారు, రిపోర్టులు రేపు పంపుతామన్నారు.

ఉద్దానం

నా లెక్క మారలేదు గానీ, మీ 240 వాట్ల సప్లైకి ఇదే నయం. ఒక్కటి అడగండి వాళ్లని: డిస్కు ఒక్కోటీ యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి, చుట్టూ రెండు అంగుళాల ఫోమ్ వేసి, ఒకదానికొకటి తగలకుండా వేరు వేరు డబ్బాల్లో పెట్టమని. బస్సు కార్గోలో వచ్చినా, కొరియర్లో వచ్చినా పార్సిళ్లు విసిరేస్తారు. రెండు డిస్కులు ఒకే బబుల్‌రాప్‌లో చుట్టి పంపితే విప్పకుండానే ఫోటో తీసి ఉంచుకోండి.