మార్కెట్ ధరల సైటు: ఉచిత సర్వర్ నిద్రపోతోంది, కామెంట్ల నిండా లోన్ యాప్ లింకులు

పెన్నా_గట్టు:
ఆదోని పత్తి, శెనక్కాయలు, కర్నూలు ఉల్లి, కడప పసుపు ధరలు చూపే చిన్న సైటు. సర్వర్ కోడ్ (నోడ్), డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్) రెండూ రెండర్ అనే హోస్టింగ్ కంపెనీ ఉచిత ప్లాన్‌లోనే. పొద్దున మొదట తెరిచినవాళ్లకు నిమిషం దాకా తెల్ల పేజీయే. మొన్న గడువు అయిపోయిందని డేటాబేస్ కూడా తీసేశారు. కామెంట్లలో రైతుల ప్రశ్నల కంటే లోన్ యాప్, బెట్టింగ్ లింకులే ఎక్కువ. సర్వర్ నిద్రపోకుండా పది నిమిషాలకోసారి దానంతటదే పలకరించేలా పింగ్ కొడితే సరిపోతుందా? కాప్చా (మనిషేనని తేల్చే పరీక్ష) పెడితే పెద్దవాళ్లు కామెంటే పెట్టరు. డొమైన్ ఖర్చు మటుకు పెట్టుకోగలం.

హంద్రీ_తీరం:
పింగ్ వద్దన్నా. రెండర్‌లో ఉచిత సర్వీసుకు 15 నిమిషాలు ఎవరూ రాకపోతే ఆపేస్తారు. మళ్లీ ఎవరైనా వస్తే యాప్ మొత్తం మొదట్నుంచి లేవాలి, ఆ నిమిషం దానికే పోతుంది. నెలకు ఇచ్చేది 750 గంటలు. 31 రోజులకు 744 గంటలు కాబట్టి ఒక యాప్‌ను మేల్కొలిపి ఉంచొచ్చు. అదే ఖాతాలో రెండోది కూడా మేల్కొని ఉంటే నెల సగానికే రెండూ ఆగుతాయి.

అసలు రోజుకోసారి మారే ధరకు సర్వర్ ఎందుకు? ధరలు గూగుల్ షీట్‌లో కొట్టండి. గిట్‌హబ్ యాక్షన్స్ (చెప్పిన టైముకు స్క్రిప్ట్ నడిపేది) దాన్ని జేసన్ అనే డేటా ఫైలుగా మార్చి గిట్‌హబ్ పేజెస్‌లో (మన సర్వర్ లేకుండానే పేజీలు చూపేది) పెడుతుంది. టైము మన టైములో కాదు, యూటీసీలో (అంతర్జాతీయ టైములో) రాయాలి, ముందు నిమిషం, తర్వాత గంట: 17 9 * * * అంటే మనకు మధ్యాహ్నం 2:47. సరిగ్గా గంట కొట్టే నిమిషానికి పెట్టొద్దు, అప్పుడు రద్దీ ఎక్కువై ఆలస్యమవుతుంది. పబ్లిక్ రిపోలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్‌లో) 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: షీట్ ఖాళీగా వచ్చినా, ధర గడిలో అంకె లేకపోయినా స్క్రిప్ట్ ఎగ్జిట్ 1తో (విఫలమైందని చెప్పి) ఆగిపోవాలి, పాత ఫైలు అలాగే ఉండాలి. ధర పక్కనే తేదీ పెద్దక్షరాల్లో వేయండి, రెండు రోజులు దాటితే ఎరుపు రంగులో. పాత ధరను ఈరోజుదనుకుని రైతు ఆదోనికి బండి కట్టాడంటే బాడుగ నష్టం ఆయనదే. తప్పు ధర చూపడం కంటే సైటు తెరుచుకోకపోవడమే మేలు.

తుంగభద్ర_కోడ్:
స్పామ్ సంగతి. సొంత ఫారం పెట్టి, యాప్స్ స్క్రిప్ట్‌లో (గూగుల్ షీట్‌తో పనిచేసే కోడ్) డూపోస్ట్ అనే ఫంక్షన్ ద్వారా షీట్‌లోకి పంపండి. కాప్చా లేకుండానే చాలావరకు ఆగుతుంది.

ఫారంలో "వెబ్‌సైట్" పేరుతో ఒక గడిని తెర బయటికి నెట్టి దాచండి. బాట్ (స్పామ్ పంపే ప్రోగ్రాం) దాన్నీ నింపుతుంది, అలా వచ్చిన కామెంట్‌ను వదిలేయండి. ఆ గడికి ఆటోకంప్లీట్ ఆఫ్ (బ్రౌజర్ తనే నింపకుండా), ట్యాబ్‌ఇండెక్స్ -1 (ట్యాబ్ మీటతో దానిలోకి వెళ్లకుండా) పెట్టకపోతే బ్రౌజరే నింపేసి అసలు మనిషి కామెంట్ పోతుంది. పేజీ తెరిచిన 3 సెకన్లలోపే వచ్చిందీ అనుమానమే. యాప్స్ స్క్రిప్ట్‌కు ఐపీ అడ్రస్ అందదు కాబట్టి ఐపీని బట్టి ఆపడం కుదరదు.

మనుషులే అతికించే స్పామ్ వేరు. అక్షరాల మధ్య చుక్కలు, కనిపించని అక్షరాలు పెడతారు, ఫోన్ నంబరు తెలుగు అంకెల్లో రాస్తారు. స్పామ్ వెతకడానికి కామెంట్ నకలు ఒకటి తీసుకుని, అందులో చుక్కలు, కనిపించని అక్షరాలు తీసేసి, ౦-౯ను 0-9గా మార్చి చూడండి. అసలు కామెంట్‌లో మాత్రం కనిపించని అక్షరాలు తీయొద్దు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు నిలబడేది జీరోవిడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని అక్షరంతోనే, తీస్తే ఒత్తు పడి చెడిపోతుంది.

లింకో, పదంకెల నంబరో ఉంటే తుడిచేయకుండా ఆపి ఉంచండి. సరుకు అమ్మే రైతూ నంబరు ఇస్తాడు కదా. షీట్‌లో "సరే" గడి నింపినవే సైటులో కనిపించాలి. కామెంట్‌కో మెయిల్ పెట్టొద్దు, మామూలు జీమెయిల్ ఖాతాకు యాప్స్ స్క్రిప్ట్ ద్వారా రోజుకు 100 మందికే పోతాయి. సాయంత్రం ఒకే మెయిల్‌లో అన్నీ పంపండి.

పెన్నా_గట్టు:
బాగుంది. ధరలు, కామెంట్లు ఒకే షీట్‌లో వేరే ట్యాబుల్లో పెట్టొచ్చా?

గండికోట_బిట్స్:
పెట్టొద్దు. షీట్‌ను బయటికి చూపే "వెబ్‌కు పబ్లిష్"లో ఒక ట్యాబ్‌కు బదులు మొత్తం డాక్యుమెంట్ ఎంచుకుంటే రైతుల నంబర్లన్నీ బయటపడతాయి. రెండు వేర్వేరు ఫైళ్లు చేయండి.

డొమైన్ మటుకు కొనండి, ఉచిత సబ్‌డొమైన్ మీద సైటు నడపొద్దు. ఉచిత సేవలు ఎప్పుడైనా ఆగొచ్చు: హెరోకు అనే హోస్టింగ్ సేవ ఉచిత ప్లాన్ 2022 నవంబర్ 28న ఆగిపోయింది, డొమైన్లిచ్చే ఫ్రీనామ్ 2023లో కొత్త ఉచిత డొమైన్లు ఇవ్వడం మానేసింది. డొమైన్ పేరు మీ సొంతమైతే డీఎన్‌ఎస్ (పేరు ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) మార్చుకుని ఇంకో చోటికి పోవచ్చు, జనం దగ్గరున్న లింకులు చెడవు. మారే ముందురోజే టీటీఎల్‌ను (పాత చిరునామా ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టైము) 300 సెకన్లకు దించుకోండి.