అమ్మ పంపిన కొండపల్లి బొమ్మలకి 74 డాలర్ల సుంకం! ఆటబొమ్మలకి డ్యూటీ లేదు కదా?

డాలస్‌కోడలు:
ఈ 2025 దసరాకి పిల్లలతో బొమ్మల కొలువు పెడదామనుకున్నాం. విజయవాడ నుంచి అమ్మ కొండపల్లి వెళ్లి మరీ దశావతారాల సెట్టు, ఏనుగు అంబారీ కొని కొరియర్‌లో వేసింది, విలువ 140 డాలర్లని రాశారు. ఈ వారం మెసేజ్ వచ్చింది, సుంకం 74 డాలర్ల 48 సెంట్లు, పైన కొరియర్ వాళ్ల ఫీజు 20, కడితేనే ఇస్తారట. పోయినేడు ఇంతకంటే పెద్ద పార్సిల్ వస్తే ఒక్క డాలర్ అడగలేదు. కాగితంలో చెక్క అలంకరణ వస్తువులని 4420 కోడ్ (సరుకు రకాన్ని బట్టి కస్టమ్స్‌లో వేసే నంబరు) వేశారు. ఆటబొమ్మల కోడ్ 9503కి అమెరికాలో సుంకమే లేదంటున్నారు, క్రిస్మస్ సామానుకీ లేదట. మరి మన పండగ బొమ్మలకేంటి ఇలా? అమ్మేమో "అనవసరంగా పంపానే" అని ఒకటే బాధ. కోడ్ తప్పని అడిగితే తగ్గుతుందా?

హ్యూస్టన్‌బ్రోకర్:
నేను కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తానండి. ముందు మీ లెక్క విప్పుదాం. 4420కి మామూలు సుంకం 3.2 శాతం, అంటే 4 డాలర్ల 48 సెంట్లు. మిగతా 70 డాలర్లూ ఇండియాలో తయారైన సరుకు మీద 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరిన అదనపు సుంకం. ఆటబొమ్మల కోడ్ వేయించుకున్నా ఆ 70 పోదు, మీకు మిగిలేది నాలుగున్నర డాలర్లే. పోయినేడు ఎందుకు పడలేదంటే, 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేకుండా 2016 నుంచీ ఉన్న వెసులుబాటు వల్ల. ఇండియాతో సహా అన్ని దేశాలకీ దాన్ని 2025 ఆగస్టు 29న ఆపేశారు.

క్రిస్మస్ సంగతి. 9505 అనే పండగ వస్తువుల కోడ్ ఒక్క క్రిస్మస్‌కే కాదు, వేరే పండగలకీ వర్తిస్తుంది. 1997లో మిడ్‌వెస్ట్ ఆఫ్ కానన్ ఫాల్స్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు చూసింది ఏంటంటే, ఆ వస్తువుకి పండగతో గట్టి సంబంధం ఉండాలి, ముఖ్యంగా ఆ రోజుల్లోనే వాడాలి. కొండపల్లి ఏనుగు ఏడాది పొడుగునా షోకేసులో ఉంటుంది కాబట్టి ఆ వాదన నిలబడటం కష్టం. క్రిస్మస్ చెట్టుకి చుట్టే లైట్ల తీగ కూడా ఇందులోకి రాదు, దీపాల కోడ్‌లోకి పోతుంది, దానికి మామూలుగానే 8 శాతం. చైనా నుంచి వచ్చే ప్లాస్టిక్ చెట్టుకి 9505లో సున్నా ఉన్నా అదనపు సుంకం తప్పలేదు. ఈ 2025లో కోడ్ కంటే వస్తువు ఎక్కడ తయారైందన్నదే పెద్ద లెక్క. హైదరాబాద్‌లో కొన్నా, చైనాలో చేసిన బొమ్మ చైనా బొమ్మే.

గుంటూరోడు:
ఇంత ఎందుకక్కా, ఈసారి విలువ 40 డాలర్లని రాయించు.

హ్యూస్టన్‌బ్రోకర్:
దయచేసి అలా చేయకండి. అది తప్పుడు డిక్లరేషన్, పట్టుకుంటే సరుకు పోతుంది, జరిమానా కూడా. సరైన దారి ఒకటుంది. మనిషి నుంచి మనిషికి వెళ్లే నిజమైన కానుక 100 డాలర్ల లోపైతే ఇప్పటికీ సుంకం లేదు. 100 దాటితే మాత్రం పైనున్న 40కి కాదు, మొత్తం 140కీ పడుతుంది, మీకు జరిగింది అదే. ఒక మనిషికి ఒక రోజుకి 100 లోపు ఉండాలి. పెట్టె మీద కానుక అని, లోపల ఏమున్నాయో, ఎంత విలువో నిజంగా రాయాలి. ఆన్‌లైన్‌లో మీరే కొని తెప్పించుకుంటే అది కానుక కిందికి రాదు.

సియాటెల్‌పిన్ని:
దీపావళికి మా అత్తగారు సున్నుండలు పంపుతామంటున్నారు, ఇండియా తపాలా వాళ్లేమో 2025 ఆగస్టు చివర్లో అమెరికా పార్సిళ్లు ఆపేశారు. కొరియర్‌లో తినే వస్తువులకి టెన్షన్ ఉంటుందా అండి?

హ్యూస్టన్‌బ్రోకర్:
ఇంట్లో చేసి కానుకగా పంపే తినుబండారాలకి ఎఫ్‌డీఏకి (అమెరికాలో ఆహారం, మందులు చూసే సర్కారు సంస్థ) ముందస్తు నోటీసు అక్కర్లేదు, "ఇంట్లో చేసినవి" అని స్పష్టంగా రాయించండి. షాపులో కొన్న పూతరేకులైతే ఆ నోటీసు కావాలి, కొరియర్ వాళ్లనే అడగండి. ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో పెట్టించడం ఇంకా తేలిక. ఇక్కడ ఉండేవాళ్లు తిరిగొచ్చేటప్పుడు మామూలుగా 800 డాలర్ల దాకా సొంత సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. తినేవి మాత్రం కస్టమ్స్ ఫారంలో తప్పకుండా చెప్పాలి.

డాలస్‌కోడలు:
థాంక్సండి, ఇప్పుడు అర్థమైంది. డబ్బు కట్టేశాను, రేపు వస్తుందట. అమ్మకి ఫోన్ చేసి తప్పు తనది కాదని చెప్పాను. సంక్రాంతికి ఏటికొప్పాక లక్కపిడతలు పంపుతానంది, 100 లోపే ఉండేలా చూడమన్నాను.