ప్రపంచ బ్యాంకులో చేసొచ్చిన ఐఏఎస్‌లు: దువ్వూరి సుబ్బారావు గారి సంగతేంటి?

గోదారిగట్టు:
నిన్న మా బావమరిదితో పెద్ద వాదనైంది, ఇక్కడ తేల్చుకుందామని పెడుతున్నా. సుబ్బారావు గారు మా ఏలూరులో పుట్టారు, 1972 ఐఏఎస్ టాపరు, 1993 నుంచి 98 దాకా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఫైనాన్స్ సెక్రటరీ, 1999 నుంచి 2004 దాకా ప్రపంచ బ్యాంకులో లీడ్ ఎకనామిస్టు, తర్వాత ఢిల్లీ, 2008 సెప్టెంబర్లో ఆర్‌బీఐ గవర్నరు. ఇలా బయటి సంస్థల్లో చేసొచ్చినవాళ్లకి పెద్ద కుర్చీలు ఇవ్వకూడదని మావాడి వాదన. నేనేమో అదే ప్లస్ పాయింటు అంటున్నా. ఆయన గవర్నరైన పది రోజులకి అమెరికాలో లీమన్ బ్యాంకు కూలింది, అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపు రెపో, అంటే బ్యాంకులకి ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ, 9 శాతం నుంచి 4.75కి దించారు. ఆఫ్రికాలో, తూర్పు ఆసియాలో నాలుగు దేశాల ఖజానాలు చూసొచ్చిన మనిషి ఆ టైంలో ఉండటం మన అదృష్టం కాదాండీ?

పాలమూరోడు:
ఎవలి అదృష్టం అన్నా? 1998 జూన్‌ల ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రానికి 54 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, దేశంల ఒక రాష్ట్రానికి శానా రంగాలకు కలిపి గట్ల ఇచ్చుడు అదే మొదలు. గప్పటిదాంక ఫైనాన్స్ సెక్రటరీ ఎవరు? మల్ల 99ల నౌకరి ఏడ? ఆయన తప్పు జేసిండని నేను అంటలేను, గట్ల పోయేటందుకు నడుమ రెండు మూడేండ్ల గ్యాప్ పెట్టాలె అంటున్న, గంతే.

రిటైర్డ్_ఏఈ:
బాబూ, అప్పు తీసుకున్నది రాష్ట్రం కాదు, భారత ప్రభుత్వం. ప్రపంచ బ్యాంకు రుణాలకి సంతకం కేంద్రమే పెడుతుంది, రాష్ట్రంతో వేరే ప్రాజెక్టు ఒప్పందం ఉంటుంది.

పాలమూరోడు:
సంతకం ఎవలు పెడితేంది సార్, లెక్కలు తయారు జేసింది హైదరాబాద్ సచివాలయంలనే కదా.

రిటైర్డ్_ఏఈ:
సంతకం ఎవరిదన్నదే అసలు విషయం. బాధ్యత అక్కడే ఉంటుంది.

పాలమూరోడు:
మీరు ఇగ సంతకం కాడనే కూసోండ్రి.

కడపబిడ్డ:
సామీ, వైవీ రెడ్డి గారు మా జిల్లా ఆయనే, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) నుంచి వచ్చే కదా సుబ్బారావు గారికంటే ముందు ఆర్‌బీఐ గవర్నరైంది. రియల్ ఎస్టేట్ అప్పుల మీద ముందే పగ్గాలు బిగించబట్టే 2008లో మన బ్యాంకులు నిలబడినాయి. ఆయప్పని ఏమంటారు మరి?

పాలమూరోడు:
రెండిటికీ శానా ఫరక్ ఉన్నది. ఆయన ఐఎంఎఫ్‌ల ఇండియా తరఫున ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, మనం పంపితే పోయిండు. లీడ్ ఎకనామిస్టు అంటే ప్రపంచ బ్యాంకు జీతం తీసుకునే స్టాఫ్.

ఈఎంఐ_బాధితుడు:
ఇదంతా నాకు తెలీదు గానీ 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ దాకా పదమూడు సార్లు వడ్డీ రేట్లు పెంచాడు ఆ సుబ్బారావు. నాది ఫ్లోటింగ్ లోను, ఈఎంఐ పెంచకుండా టెన్యూర్ సాగదీసుకుంటూ పోయారు, ఎస్‌ఎంఎస్ వచ్చినప్పుడల్లా మా ఆవిడ మొహం చూడలేకపోయేవాణ్ణి. ప్రపంచ బ్యాంకు ఎకనామిక్స్ అంటే ఇదే.

గోదారిగట్టు:
దానికీ ప్రపంచ బ్యాంకుకీ సంబంధమేంటండీ బాబూ, పప్పులూ కూరగాయలూ మండిపోతుంటే రేట్లు పెంచక ఏం చేస్తారు? పైవాళ్లు చెప్పినట్టు తలాడించే మనిషే అయితే 2012లో ఆయన రేట్లు తగ్గించనప్పుడు ఆర్థికమంత్రి చిదంబరం గారు అవసరమైతే ప్రభుత్వం ఒంటరిగానే నడుస్తుందని ఎందుకన్నారు? ఇక ఆ 98 అప్పు సంగతి. దానికి ముందు పరిస్థితి ఎవరూ చెప్పరేం? 1995 జనవరిలో మద్యనిషేధం పెట్టారు, ఎక్సైజ్ ఆదాయం ఆవిరైపోయింది, మరోపక్క 2 రూపాయల బియ్యం, కరెంటు బోర్డు నష్టాలు. ఫైనాన్స్ సెక్రటరీ కుర్చీలో ఎవరున్నా అప్పు కోసం ఎవరో ఒకరి గుమ్మం ఎక్కాల్సిందే. తర్వాత 2 రూపాయల బియ్యం 3.50 అయింది, నిషేధం 97లో ఎత్తేశారు, ఆ రెండూ జరిగింది ఈ అప్పుకంటే ముందే. అయినా ఆ డబ్బులో ప్రాథమిక వైద్యం, బడులు, రోడ్లు, సాగునీరు కూడా ఉన్నాయి. చదవకుండా తిట్టడం మనవాళ్లకి ఫ్యాషనైపోయింది.

సుజాత_శ్రీకాకుళం:
పేద మహిళల సంఘాల వెలుగు ప్రాజెక్టు కూడా ప్రపంచ బ్యాంకు డబ్బే. 2000లో మొదట ఎంచుకున్న ఆరు వెనకబడిన జిల్లాల్లో మాదీ ఉంది, పాలమూరూ ఉంది. మా అమ్మ మండల సమాఖ్యలో లెక్కలు రాసేది. అది కూడా తిడతారా?

పాలమూరోడు:
అక్కా వెలుగును నేను అనలే. గోదారన్నా, చదవకుండ అని నన్నే అన్నవు కదా, ఇగ నేను చదివింది జెప్త ఇను. 1999 ఫిబ్రవరిల కరెంటు బోర్డును తయారీకి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని చీల్చిన్రు, అదే నెలల ప్రపంచ బ్యాంకు ఇంకో 21 కోట్ల డాలర్లు ఓకే జేసింది. మల్ల 2000ల చార్జీలు పెంచిన్రు. మాది బోరు మీద నడిచే సేద్యం, 5 హెచ్‌పీ మోటరు. బకాయి ఉన్నదని కరెంటోళ్లొచ్చి స్టార్టర్ డబ్బా విప్పుకొని సైకిల్ మీద కట్టుకొని పోయిన్రు. వరి పొట్ట మీదున్నది. మా నాయిన వాళ్ల ఎన్క ఊరి బయటిదాంక నడిచిండు. ఆ చార్జీల మీద లొల్లి జేస్తే ఆగస్టు 28 హైదరాబాద్ బషీర్‌బాగ్‌ల పోలీసు కాల్పులై ముగ్గురు సచ్చిపోయిన్రు. గప్పుడు లెక్కలు జెప్పినోళ్లు ఎవరూ మా ఊరికి రాలే, పెద్ద సార్లందరూ ప్రమోషన్ల మీద ఎటోళ్లు అటు పోయిన్రు.

గోదారిగట్టు:
కాల్పులు జరిగిన టైముకి సుబ్బారావు గారు వాషింగ్టన్‌లో, ప్రపంచ బ్యాంకులో ఉన్నారు. ఆయన నెత్తిన రుద్దుతారేంటండీ?

పాలమూరోడు:
వాషింగ్టన్‌ల ఉన్నడనే కదా నేను మొదటిసంది మొత్తుకునేది!!

రిటైర్డ్_ఏఈ:
స్టార్టర్లు తీసింది మా కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్లే, కాదనను. పైనుంచి వసూళ్ల టార్గెట్లు వచ్చేవి, కట్టించకపోతే మా ఇంక్రిమెంట్ ఆపేవారు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే పరిగెత్తింది కూడా మేమే. ఎన్టీఆర్ హార్స్‌పవర్‌కి ఎంత వాడినా ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టిన నాటి నుంచీ బోర్డు మునుగుతూనే ఉంది, చెప్పే ధైర్యం ఏ పార్టీకీ లేదు. ప్రపంచ బ్యాంకు చెప్పింది, అంతే తేడా.

గోదారిగట్టు:
అదీ మాట. ఎవరో ఒకరు కట్టాలి కదండీ.

పాలమూరోడు:
ఎవరో ఒకరు అంటే ఎవలు? నీ పొలంకు నీళ్లు ఎక్కడివి అన్నా?

గోదారిగట్టు:
కాలవ. ధవళేశ్వరం నుంచి. అయితే? 96లో మా నీటి తీరువా (కాలవ నీటి పన్ను) ఎకరాకి 60 నుంచి 200 చేశారు, మేమేం రోడ్డెక్కామా?

పాలమూరోడు:
200 ఎకరాకు. మా నాయిన ఏసిన బోర్లల్ల రెండు ఫెయిలైనయ్, పైపులకు, కేసింగ్‌కు, మోటర్ వైండింగ్‌కు బయట మిత్తికి తెచ్చిండు, దాని మీద కరెంటు బిల్లు. నీకు బ్యారేజీ సర్కారు కట్టిచ్చింది, మాకు బోరు మేమే ఏసుకున్నం, మల్ల సబ్సిడీ తింటున్నరని పేరు మాకు. 2004ల రాజశేఖరరెడ్డి ఫ్రీ కరెంటు మీద మొదటి సంతకం పెడితే దివాలా అన్నది కూడా కాలువ కిందోళ్లే.

గోదారిగట్టు:
మా తాతలు వరదల్లో కొట్టుకుపోతే కట్టిన ఆనకట్ట అది, నిన్నగాక మొన్న మాకు ఎవరూ దానం చెయ్యలేదు. ఫ్రీ కరెంటు వచ్చాక భూగర్భజలం ఎంత లోతుకి పోయిందో కూడా చెప్పవయ్యా.

సుజాత_శ్రీకాకుళం:
మా వైపు కాలవా లేదు, బోరూ లేదు, చెరువే.

కడపబిడ్డ:
చెరువన్నా ఉంది మేడమ్ మీకు.

ఈఎంఐ_బాధితుడు:
నా లోను 2031 దాకా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

పాలమూరోడు:
గోదారన్నా, భూగర్భజలం లెక్కలు నేను తీస్త, నువ్వు మీ డెల్టాల తీరువా బకాయిలు ఎంతున్నయో తియ్యి. రేపు రాత్రి పెడదాం ఇద్దరం.

గోదారిగట్టు:
పెడదాం. రిటైర్డ్ గారే జడ్జి.

రిటైర్డ్_ఏఈ:
నన్ను లాగకండి, రేపు నాకు కంటి ఆపరేషన్.